బ్యాకప్ సర్వరుకు ఎంత కంప్యూటరు కావాలి?

బి.ఎస్సీ. (గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్), తృతీయ సంవత్సరం

ఏ సాఫ్ట్‌వేరు తెచ్చుకున్నా దానితో పాటు ఒక చిట్టా వస్తుంది. ఇంత ప్రాసెసరు, ఇంత మెమరీ, ఇంత డిస్కు ఉంటే గాని ఈ సరుకు మీ కంప్యూటరులో ఎక్కదని అందులో రాసి ఉంటుంది. దాన్నే సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ అంటారు. మనలో చాలామందిమి ఆ చిట్టాని పాసు మార్కు చూసినట్టు చూస్తాం. ముప్పయ్యైదు వస్తే గట్టెక్కినట్టే కదా! మిగతా సాఫ్ట్‌వేర్ల సంగతి ఎలా ఉన్నా, బ్యాకప్ సర్వరు దగ్గర మాత్రం ఈ లెక్క కుదరదు. ఎందుకు కుదరదో, అసలు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి మెట్రో స్టేషను దాకా నడిచివెళ్తే లినక్సు నేర్పుతామనే బోర్డులు ఎన్ని కనబడతాయో మీకు తెలుసు. సర్వరు ఎక్కించడం వాళ్ళు బాగానే నేర్పుతారు. అది గంట పని. ఎంత సర్వరు కావాలో లెక్క కట్టడం మాత్రం ఏ బోర్డు మీదా ఉండదు. పోయిన వేసవిలో మా డిపార్ట్‌మెంటు ల్యాబుకు ఒక బ్యాకప్ సర్వరు పెట్టాలని మా లెక్చరరు గారు నన్నూ, మరిద్దరు మిత్రులనూ కూర్చోబెట్టినప్పుడు మేం ముందు నేర్చుకున్నది ఆ లెక్కే.

కారణం లేకుండా ఆయన కూర్చోబెట్టలేదు. ల్యాబులోని ఫైల్ సర్వరులో ఐదారు బ్యాచ్‌ల ప్రాజెక్టు పనులున్నాయి. మన సావనీరు పాత సంచికలు స్కాన్ చేసినవి కూడా అందులోనే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి కాగితం ప్రతి లైబ్రరీలో ఒక్కటే మిగిలింది, అదీ చెదలు పట్టి. పూర్వవిద్యార్థులు ఎవరైనా తమ మొదటి కవిత అచ్చయిన పుట కావాలని అడిగితే, దాన్ని తీసి ఇవ్వగలిగేది ఈ భూమ్మీద ఆ ఒక్క డిస్కే. ఆ డిస్కు వయసు ఏడేళ్ళు.

బ్యాకప్ అంటే నకలు తీసిపెట్టడం అని సులువుగా అనేస్తాం గాని, అది పూర్తి అర్థం కాదు. ఒక డిస్కులో రాసింది ఎప్పటికప్పుడు రెండో డిస్కులోనూ రాసే మిర్రర్ పద్ధతి ఉంది. ఒక డిస్కు కాలిపోతే అది ఆదుకుంటుంది. కాని పొరపాటున ఎవరైనా ఒక ఫైలు చెరిపేస్తే రెండింటిలోనూ ఒక్క క్షణంలో చెరిగిపోతుంది. బ్యాకప్ సర్వరు చేసే పని వేరు. నిన్నటి రూపం, పోయిన వారం రూపం, మూడు నెలల కిందటి రూపం వేరువేరుగా దాస్తుంది. ఏది ఎక్కడుందో పట్టిక రాసుకుంటుంది. గడువు తీరిన వాటిని తీసేస్తుంది. దాచినవి చెడిపోలేదు కదా అని మధ్యమధ్య సరిచూస్తుంది. ఈ నాలుగు పనులకూ నాలుగు రకాల బలం కావాలి. చిట్టాలోని అంకెలన్నీ ఆ బలం కోసమే.

లినక్సు మీద ఇలాంటివి చాలా ఉన్నాయి. కెర్న్ సిబాల్డ్ 2000లో మొదలుపెట్టిన బాక్యులా పాతకాపు. దాంట్లో పని చెప్పే భాగం, డేటా దాచే భాగం, క్లయింటు కంప్యూటరులో కూర్చునే భాగం విడివిడిగా ఉంటాయి, పట్టిక మాత్రం డేటాబేసులో ఉంటుంది. మేం ఎంచుకున్నది వియన్నా కంపెనీ వారి ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వరు. 2020 నవంబరులో దాని మొదటి వెర్షను వచ్చింది. 2025లో వచ్చిన నాలుగో వెర్షను డెబియన్ 13 మీద నడుస్తుంది. సోర్సు కోడు బహిరంగం, డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. మా డిపార్ట్‌మెంటు బడ్జెట్ ఎరిగినవారికి ఈ చివరి గుణం ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

దీని పత్రాల్లో ఒకటి కాదు, రెండు చిట్టాలున్నాయి. మొదటిది పరీక్షగా వేసి చూసేందుకు: 64 బిట్ల ప్రాసెసరు, రెండు కోర్లు, 2 జీబీ మెమరీ, 8 జీబీకి మించిన డిస్కు. రెండోది నిజంగా వాడేందుకు: కనీసం నాలుగు కోర్లు, సిస్టమ్‌కే 4 జీబీ మెమరీ, ఆపైన దాచే ప్రతి టీబీకీ కనీసం ఇంకో జీబీ, సిస్టమ్ డిస్కులో 32 జీబీ ఖాళీ, దాచే చోటుకు వీలైతే ఎస్‌ఎస్‌డీలు. రెండు చిట్టాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి దాంట్లో దాచే డేటా ఊసే లేదు. రెండోది డేటాను బట్టి పెరుగుతోంది. అంటే అడగవలసిన మొదటి ప్రశ్న ‘కంప్యూటరు ఎంత?’ అన్నది కాదు, ‘దాచేది ఎంత?’ అన్నది.

మా లెక్క ఇదీ. విద్యార్థుల పనులు 600 జీబీ, ప్రాక్టికల్స్‌కి వాడే వర్చువల్ మెషీన్లు 400, ఆఫీసు కాగితాలూ స్కాన్లూ 200, మొత్తం 1.2 టీబీ. వారం రోజుల రోజువారీ ప్రతులు ఏడు, వారానికొకటి చొప్పున నాలుగు, నెలకొకటి చొప్పున ఆరు ఉంచాలనుకున్నాం, అంటే పదిహేడు ప్రతులు. ప్రతిసారీ మొత్తం నకలు తీస్తే 20.4 టీబీ కావాలి. అంత చోటు మాకెక్కడిది?

ఇక్కడే డీడూప్లికేషన్ అనే ఉపాయం అక్కరకొస్తుంది. డేటాను ముక్కలుగా కోస్తారు. వర్చువల్ మెషీన్ డిస్కులకు ఒక్కో ముక్క 4 ఎంబీ. ముక్కలో ఏముందో దాన్ని బట్టి ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణితంతో దానికొక పేరు పుడుతుంది. అదే పేరుతో ముక్క అప్పటికే సర్వరులో ఉంటే మళ్ళీ దాచరు, ఫలానా ముక్క అని పట్టికలో రాసుకుంటారు, అంతే. మా ల్యాబులో రోజుకు కొత్తగా పుట్టే ముక్కలు కొలిస్తే సుమారు 12 జీబీ తేలింది. ఆరు నెలల్లో ఒక్క ముక్క కూడా పారేయలేదనుకున్నా 180 రోజులకు 2.16 టీబీ. మొదటి ప్రతి 1.2 కలిపితే 3.36. కాబట్టి 4 టీబీ డిస్కు సరిపోతుంది. అలాంటివి రెండు కొని మిర్రర్‌గా కట్టాం. మెమరీ 4 కి 4 కలిపి 8 జీబీ. వాడకుండా మూలన పెట్టిన డెస్క్‌టాప్ ఒకటి నాలుగు కోర్లతో, సరిగ్గా 8 జీబీతో దొరికింది. 20 టీబీ అని గుండె జారిన చోటే నాలుగుతో పని జరిగింది.

చోటు చాలదని అసలు బ్యాకప్పే మానేస్తే ఏమవుతుందో దక్షిణ కొరియాలో చూశారు. 2025 సెప్టెంబరు 26న డేజియన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటరులో మంటలు లేచాయి. ఉద్యోగులు కాగితాలు దాచుకునే జీ-డ్రైవ్ అనే వ్యవస్థలో 858 టీబీ ఉండేది. అంత పెద్దదానికి బయట నకలు పెట్టడం కష్టమని పెట్టలేదు. మొత్తం పోయింది.

డిస్కు వేగం దగ్గర కాసేపు ఆగాలి. కొనేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కుదించాక ఒక్కో ముక్క సగటున 2 ఎంబీ అనుకుంటే నిండిన 4 టీబీ డిస్కులో 20 లక్షల ముక్కలు, అంటే 20 లక్షల ఫైళ్ళు. గడువు తీరినవి ఏరివేసేటప్పుడు సర్వరు ఇంకా పనికొచ్చే ప్రతి ముక్కకూ ‘చూశాను’ అని నేటి తేదీ గుర్తు పెడుతూ పోతుంది. ఆ గుర్తు పడని పాత ముక్కల్ని తర్వాత తీసేస్తుంది. మామూలు తిరుగుడు డిస్కులో తల ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలడానికి సుమారు 10 మిల్లీసెకన్లు. ప్రతి ముక్క కోసం ఒకసారి కదలాల్సి వస్తే 20 లక్షల సార్లు, అంటే 20,000 సెకన్లు, ఐదున్నర గంటలు. ఎస్‌ఎస్‌డీలో కదిలే తలే లేదు. పత్రాల్లో ఎస్‌ఎస్‌డీ కావాలన్నది దర్జాకి కాదు. మాకు అన్నీ ఎస్‌ఎస్‌డీలు కొనే స్తోమత లేదు కాబట్టి ఏరివేతను ఆదివారం రాత్రికి పెట్టాం.

ఆ తేదీ గుర్తు వల్ల ఇంకో మెలిక ఉంది. కొన్ని నెట్‌వర్కు స్టోరేజీలు ఫైలు తేదీ మార్చమంటే సరే అంటాయి గాని మార్చవు. అలాంటి దానిమీద ముక్కలు దాస్తే, పనికొచ్చే ముక్క కూడా పనికిరానిదిగా కనబడి చెత్తబుట్టకు పోయే ప్రమాదముంది. చిట్టాలో ‘4 టీబీ’ అని రాసిన చోట, ఏ రకం ఫైల్ సిస్టమ్ మీది 4 టీబీ అనేది కూడా చదువుకోవాలి. మేం సర్వరులోనే ఉన్న డిస్కుల మీద జెడ్‌ఎఫ్‌ఎస్ వేశాం.

ఇక అసలు సంగతికి వస్తాను. మా ల్యాబులోని స్విచ్చి పాతది, సెకనుకు 100 మెగాబిట్లది. అంటే చేతికందేది సెకనుకు 11 ఎంబీ దాకా. రోజూ వెళ్ళే 12 జీబీ దాని మీద పద్దెనిమిది నిమిషాల్లో వెళ్ళిపోతుంది. రాత్రి పూట ఎవరికీ అడ్డం కూడా కాదు. ఈ లెక్క చూసి మేమంతా స్విచ్చి బాగానే ఉందన్నాం. మా సార్ ఒక్కటే అడిగారు: “ఫైల్ సర్వరు సోమవారం పొద్దున చచ్చిపోతే మొత్తం వెనక్కి తేవడానికి ఎంతసేపు?” 1.2 టీబీని 11 తో భాగించి చూశాం. ముప్పై గంటలు. గిగాబిట్ స్విచ్చి అయితే సెకనుకు 110 ఎంబీ చొప్పున మూడు గంటలు.

బ్యాకప్ అనేది రోజూ కొంచెం కొంచెం వెళ్తుంది. రిస్టోరు అనేది ఒక్కసారిగా, అందరూ తల మీద నిలబడి ఉండగా జరుగుతుంది. సర్వరు సైజు మొదటిదానికి కొలుచుకుంటే అన్నీ సరిపోయినట్టే కనబడతాయి. రెండోదానికి కొలిస్తే గాని లోటు బయటపడదు. ప్రాక్టికల్ పరీక్షలప్పుడు మేం ఎంతసేపు ఓర్చుకోగలం? ఒక పూట. దాన్నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వస్తే స్విచ్చి, డిస్కు, మెమరీ అన్నీ వాటంతటవే తేలతాయి. నా ఉద్దేశంలో ప్రతి సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ చిట్టాలో మొదటి గడి ఇదే ఉండాలి: ‘మీరు ఎంతసేపు ఓర్చుకోగలరు?’ ఏ కంపెనీ చిట్టాలోనూ ఈ గడి నాకు కనబడలేదు. ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్చి ఒకటి కొని, ఫైల్ సర్వరునూ బ్యాకప్ సర్వరునూ దానికి తగిలించాం. మిగతా ల్యాబు పాత స్విచ్చి మీదే ఉంది. దానికి తొందరేం లేదు.

వెర్షన్ల సంగతి చిన్నదిగా కనబడుతుంది గాని కొంపలు ముంచేది అదే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే ప్రసిద్ధ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపేశాడు. బ్యాకప్ కోసం చూస్తే లేదు! వాళ్ళ డేటాబేసు పోస్ట్‌గ్రెస్ 9.6, నకలు తీసే పనిముట్టు 9.2 వెర్షనుది. రెంటికీ పొసగక నకలు తీయడం ఎప్పుడో ఆగిపోయింది. ఆగిందని చెప్పే ఈమెయిళ్ళు కూడా అందలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల కిందట తీసిన ప్రతి ఒకటి ఇంకోచోట ఉండబట్టి బయటపడ్డారు. చిట్టాలో ‘ఫలానా వెర్షను’ అని రాసి ఉంటే అది మాట వరసకు రాసింది కాదని దీన్నిబట్టి గ్రహించాలి.

గడియారం కూడా ఒక రిక్వైర్‌మెంటే. మూలన పెట్టిన డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు సెల్లు చచ్చి, కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయేది. క్లయింటుకూ సర్వరుకూ మధ్య నమ్మకం సర్టిఫికెట్ మీద నడుస్తుంది. గడియారం వెనక్కి పోతే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదంటుంది కంప్యూటరు. కొత్త సెల్లు వేసి, ఇంటర్నెట్ నుంచి సమయం సరిచూసుకునే క్రోనీ ప్రోగ్రామును నడిపిస్తున్నాం. ఫైర్‌వాల్‌లో 8007 పోర్టు తెరవడం, యూపీఎస్ పెట్టడం వంటివి అందరికీ తెలిసినవే.

తాళంచెవి గురించి రెండు మాటలు. డేటాను క్లయింటు దగ్గరే సంకేత లిపిలోకి మార్చి పంపే వీలుంది. అప్పుడు సర్వరును ఎవరు ఎత్తుకుపోయినా వాళ్ళకు దక్కేదేమీ లేదు. కాని తాళంచెవి మనం పోగొట్టుకుంటే మనకూ దక్కదు, తయారుచేసిన వాళ్ళ కాళ్ళు పట్టుకున్నా లాభం లేదు. ఆ చెవిని కాగితం మీద అచ్చువేసుకునే సదుపాయం కూడా ఇందులోనే ఉంది. కాబట్టి ఇంత హంగామా చేశాక చిట్టచివరి భద్రత మా డిపార్ట్‌మెంటు బీరువాలోని ఒక కాగితం.

మాది నల్లగొండ జిల్లాలో వ్యవసాయ కుటుంబం. మా నాయిన వచ్చే పంటకు ఉంచిన విత్తన వడ్లను తిండి గింజల గుమ్మిలో పోయడు. వేరే బస్తా కట్టి వేరే గదిలో పెడతాడు. ఒక గది కురిసినా రెండోది దక్కుతుందని. అక్కడితో ఆగడు. నారు పోసే ముందు నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి, నాలుగైదు రోజులకు విప్పి ఎన్ని మొలిచాయో చూస్తాడు. ఎందుకింత చాదస్తం అని చిన్నప్పుడు అడిగితే “మొలక సూడకుంట మడిల జల్లుతమా?” అన్నాడు.

బ్యాకప్‌కు మొలక పరీక్ష అంటే తీసి చూడడమే. ‘సక్సెస్’ అని తెర మీద పచ్చగా రాసినంత మాత్రాన నమ్మకూడదు. మేం స్కాన్లలోంచి యాభై ఫైళ్ళు చీటీలు వేసి ఎంచి, వేరే కంప్యూటరులోకి వెనక్కి తెప్పించి, అసలు వాటితో బైటు బైటుకీ పోల్చాం. యాభైకి యాభై సరిపోయాయి. తర్వాత 60 జీబీ వర్చువల్ మెషీన్ ఒకటి తెప్పించాం. కాగితం మీద లెక్క పది నిమిషాలు, పట్టింది ఇరవై ఆరు. ముక్కలు డిస్కు నిండా చెల్లాచెదురుగా ఉండడంతో తల అటూ ఇటూ పరిగెత్తాల్సి వచ్చింది. ఆ లెక్కన మొత్తం వెనక్కి రావడానికి మూడు గంటలు కాదు, ఎనిమిది గంటలు దాటుతుంది. మా ‘ఒక పూట’ దాటిపోయింది! అందుకని ప్రాక్టికల్స్‌కు తప్పనిసరిగా కావలసిన రెండు మెషీన్ల ప్రతులను చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి దాని మీద కూడా దాస్తున్నాం. తక్కినవి నిదానంగా వచ్చినా కొంప మునగదు.

మిగిలింది చోటు సమస్య. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు వాడుకలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది: ప్రతులు మూడు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఊరవతల. ఈ మూడో మాట మన పేటలో ఉన్నవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఈ నగరాన్ని ఏం చేసిందో చదువుకున్నాం. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు, చైతన్యపురి పక్కనున్న కోదండరాం నగర్ నీట మునగడం కళ్ళారా చూసినవాళ్ళు మనలోనే ఉన్నారు. ఆ కాలనీల్లో గ్రౌండ్ ఫ్లోర్‌లో సర్వరు, దాని పక్కనే బ్యాకప్ సర్వరు ఉంటే రెండూ ఒకే నీళ్ళు తాగుతాయి. మూసీ ఒడ్డున ఇదే చైతన్యపురిలో, ఫణిగిరి గుడి దగ్గర బండ మీద గోవిందరాజ విహారాన్ని పేర్కొన్న ప్రాకృత శాసనం ఉంది. పదిహేను వందల ఏళ్ళకు పైబడినదంటారు. బండ మీద చెక్కిన అక్షరాన్ని కూడా శాసన పండితులు నమ్ముకుని ఊరుకోలేదు. తడి కాగితం అద్ది నకలు తీసుకుని వేరే ఊరికి తీసుకుపోయారు.

దూరం ఒక్కటే చాలదు, తెగతెంపులు కూడా కావాలి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను దుండగులు తాళం వేసి పట్టుకున్నారు. రోగుల వివరాలు రోజుల తరబడి కాగితం మీద రాసుకోవాల్సి వచ్చింది. చివరికి ఆ దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు నుంచి ఇ-హాస్పిటల్ డేటా అంతా వెనక్కి తెచ్చామని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఆ సర్వరుకు కూడా దాడి తగిలి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. అందుకని మా బ్యాకప్ సర్వరు పాస్‌వర్డు ల్యాబులోని ఏ కంప్యూటరుకూ తెలియదు. క్లయింట్లకు కొత్త ప్రతి చేర్చే హక్కు మాత్రమే ఇచ్చాం, పాతది చెరిపే హక్కు ఇవ్వలేదు.

ఊరవతలి ప్రతికి డబ్బు కట్టి క్లౌడు తీసుకునే శక్తి ప్రస్తుతం డిపార్ట్‌మెంటుకు లేదు. బయటి డిస్కులు రెండు కొన్నాం. నెల మొదటి శనివారం ఒకదానిలోకి అంతా దింపి మా సార్ తమ ఇంటికి తీసుకువెళ్తారు, రెండోది అక్కణ్ణుంచి తిరిగి వస్తుంది. వారి ఇల్లు మియాపూర్‌లో, మూడో అంతస్తు. తీసుకువెళ్ళిన తేదీ, తెచ్చిన తేదీ, చీటీలు వేసి తెరిచి చూసిన ఫైళ్ళ సంఖ్య ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసి బీరువాలో తాళంచెవి కాగితం పక్కన పెడుతున్నాం. వచ్చే జూన్ నుంచి ఆ పుస్తకం రెండో సంవత్సరం విద్యార్థుల చేతికి వెళ్తుంది.